నల్లరాతి తూకము

(బోయిన్‌పల్లిలో పూర్వవిద్యార్థులు ఏర్పాటు చేసిన గురుస్మారకోపన్యాసపు పాఠము)



గురువుగారి పేరు శిష్యుడు నోట బలుకరాదని మన పెద్దలు పెట్టిన నియమము చిన్ననాడు నాకు విచిత్రముగా దోచెడిది. నేడు ఆయన పేరిట వెలసిన ఈ స్మారకోపన్యాసమును ప్రారంభింపవలసి వచ్చినప్పుడు, ఆ నియమములోని మర్యాద నాకు తెలిసివచ్చుచున్నది. ఆ పేరు ఆహ్వానపత్రికమీద ఉన్నది, మీ అందరి మనస్సులలో ఉన్నది. నాకు మాత్రము 'సారు' అను రెండక్షరములు చాలును. నలుబది ఏండ్ల క్రిందట ఆయన ముందు నిలిచి నోరు విప్పుటకు జంకిన బాలుడు నేడు ఆయనను గురించి మాట్లాడుటకు నిలిచియున్నాడు. ఆ జంకు ఇంకను పూర్తిగ తీరలేదని ముందుగనే మనవి చేసికొనుచున్నాను.

నేటి బోయిన్‌పల్లిని చూచిన వారికి ఆనాటి బోయిన్‌పల్లిని ఊహించుట కష్టము. ఇప్పుడు తెల్లవారుజామున కూరగాయల మార్కెట్టుకు లారీలు బారులు తీరుచున్నవి. హస్మత్‌పేట చెరువుచుట్టును ఇండ్లు క్రిక్కిరిసియున్నవి. అప్పుడు ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న గ్రానైటు గుండ్లు, వాటి నడుమ సీతాఫలపు పొదలు, అక్కడక్కడ మేకలు, ఇంతియే. ఒక శీతకాలపు ఆదివారమునాడు సారు మమ్ములను, ఏడెనిమిది మంది పిల్లలను, ఊరి వెలుపలి గుట్టపైకి తీసికొనిపోయిరి. ఆ గుట్టమీద గులాబివన్నె గ్రానైటును నిలువునా చీల్చుకొనుచు, గోడవలె, నల్లనిరాయి బారుగా సాగిపోయియుండెను. అది ఎంత దూరము పోవునని అడిగితిమి. "మీ కాళ్ళు నొచ్చేదాక పోతది" అనిరి సారు.

ఆయనవద్ద అరచేతిలో ఇమిడెడి ఇత్తడి దిక్సూచి యొకటి యుండెడిది. దానిని గ్రానైటుబండమీద ఉంచగా సూది బుద్ధిగా ఉత్తరమునకు నిలిచినది. నల్లరాతిగోడ కొసన, అన్నిటికంటె ఎత్తైన చోట ఉంచగా, సూది గిరగిర తిరిగి పడమటికి నిలిచినది. జానెడు ఎడముగా జరుపగా మరల తిరిగి ఆగ్నేయమును చూపినది. "సార్, ఉత్తరం తప్పిపోయింది!" అని నేను కేకవేసితిని. సారు నవ్వి, "ఉత్తరం యాడికి పోతదిరా? రాయి గట్టిగ మాట్లాడుతున్నదని నిజమే మాట్లాడుతున్నదనుకుంటున్నవా?" అని, సుత్తెతో ఆ కొసనుండి పిడికెడు ముక్కను కొట్టి మా చేతికిచ్చిరి. సూది ఎందుకు తిరిగినదో ఆనాడు చెప్పలేదు. ఆ నల్లరాతిముక్క బహుకాలము సారు బల్లమీద కాగితములు ఎగిరిపోకుండ కావలి కాచినది. వారు గతించిన పిమ్మట గురుపత్నిగారు దానిని నాకిచ్చిరి. నేడు నా యెదుట ఈ బల్లమీద ఉన్నది అదియే.

ఆ నల్లరాతినే నేను నేటి ప్రసంగమునకు ఆధారముగ గైకొనుచున్నాను. భూమికి గల అయస్కాంతక్షేత్రము పూర్వయుగములలో ఎంత బలముగా నుండెనో పాతరాళ్ళనుండి కొలిచి తెలిసికొనుట ఎట్లు, అట్లు కొలిచిన మీదట ఏమి తెలిసినది, కొలుచుటలో మోసపోకుండుట ఎట్లు అనునవి నా విషయములు.

భూమి స్వయముగ ఒక పెద్ద అయస్కాంతమని ఇంగ్లండులో విలియం గిల్బర్టు 1600లో వెలువరించిన గ్రంథమున ప్రతిపాదించెను. మన తెలుగువారు 'సూదంటురాయి' అని ఎంత చక్కని పేరు పెట్టుకొన్నారు! సూదిని అంటుకొను రాయి అనుటలో దాని గుణమంతయు ఇమిడియున్నది. అయితే సూది ఏ దిక్కు చూపునో గుర్తించుట ఒక ఎత్తు. దానిని ఆ దిక్కునకు త్రిప్పుచున్న శక్తి ఎంతయో నిర్ణయించుట వేరొక ఎత్తు. దిక్కును నావికులు శతాబ్దుల తరబడి వ్రాసిపెట్టిరి; బలమును మాత్రము నిరపేక్షముగ కొలుచు విధానమును జర్మనీలో గౌస్ 1832లో కనుగొనువరకు ఎవ్వరును సరిగా కొలువలేకపోయిరి. కనుక మానవుడు పరికరముతో నేరుగ కొలిచిన భూఅయస్కాంత బలచరిత్ర రెండువందల ఏండ్లు కూడ నిండనిది.

ఆ కొద్దికాలములోనే ఒక విశేషము బయటపడినది. గౌస్ కాలమునుండి నేటివరకు భూమియొక్క ప్రధాన అయస్కాంతబలము ఇంచుమించు నూటికి తొమ్మిది పాళ్ళు తగ్గినది. నేడు మన హైదరాబాదు ప్రాంతమున క్షేత్రబలము నలుబది మైక్రోటెస్లాలకు కొంచెము పైన ఉన్నది; ధ్రువప్రాంతములలో అది అరువదికి మించును; దక్షిణ అమెరికా, దక్షిణ అట్లాంటిక్ ప్రాంతమున ఇరువదిరెండు వరకు దిగును. ఇంటిలో అల్మారా తలుపునకు అంటించు చిన్న అయస్కాంతపు బిళ్ళ దీనికి నూరు రెట్లకు మించి బలమైనదే. అయినను ఈ బలహీనమైన క్షేత్రమే అంతరిక్షములో వేలాది మైళ్ళు వ్యాపించి, సూర్యునినుండి వీచు విద్యుదావిష్ట కణప్రవాహమును దారి మళ్ళించి మనలను కాపాడుచున్నది. అది తగ్గుచున్నదన్న మాట వినగానే కొందరు ఆందోళనపడుదురు. అయితే ఒక దుకాణదారుడు ఒక్కరోజు లెక్కను మాత్రము చూచి వ్యాపారము మునుగుచున్నదని నిర్ణయింపడు. పాత చిట్టాలను తెరచి చూచును. భూమికి ఆ పాత చిట్టాలెక్కడున్నవి? రాళ్ళలో, ఇటుకలలో, కుండపెంకులలో ఉన్నవి.

రాయి ఎట్లు గుర్తుంచుకొనును? నల్లరాతిలో, శాస్త్రజ్ఞులు డోలరైట్ అను ఆ రాతిలో, మాగ్నెటైట్ అను ఇనుపఖనిజపు సూక్ష్మకణములు చెదరియుండును. ఆ ఖనిజమును 580 డిగ్రీల సెంటిగ్రేడు దాటునట్లు కాచినచో, దానిలోని అయస్కాంతక్రమము సంపూర్ణముగ చెదరిపోవును. పియర్ క్యూరీ పేరిట ఆ ఉష్ణోగ్రత ప్రసిద్ధమైనది. కాగిన శిల క్రమముగ చల్లారునప్పుడు, ఆ కణములు ఆనాటి భూక్షేత్రపు ప్రభావమునకు లోనై, అధికసంఖ్యలో దాని దిక్కునకు మొగ్గి, ఒక్కొక్కటి తన తన పరిమాణమునకు తగిన ఉష్ణోగ్రతవద్ద బిగుసుకొనును. అట్లు బిగిసిన పిదప, మరల అంతటి వేడి సోకనంతవరకు, కోట్ల సంవత్సరములు గడచినను ఆ స్థితి సాధారణముగ చెదరదు. ఇది ఎట్లు సాధ్యమో ఫ్రాన్సులో లూయి నేల్ 1949లో గణితపూర్వకముగ నిరూపించెను. కుమ్మరి ఆవములో కాలిన కుండ, ఇటుకబట్టీలో కాలిన ఇటుక, లావాగా పొంగి చల్లబడిన కొండ, ఈ మూడింటి జ్ఞాపకశక్తి మూలమున ఒకటియే.

మన నేల ఈ చిట్టాలకు గొప్ప భాండారము. మన కాలిక్రింది గ్రానైటు ఇంచుమించు రెండువందలయేబది కోట్ల ఏండ్ల నాటిది. అది గట్టిపడిన పిమ్మట పగుళ్ళు వారగా, అడుగునుండి కరిగిన శిల ఆ పగుళ్ళలోనికి ఎగదన్ని, గోడలవలె గడ్డకట్టినది, వాటినే డైకులందురు. బెంగుళూరు పరిసరములనుండి కరీంనగరమువరకు ఇట్టి డైకుల గుంపు వ్యాపించియున్నది. వాటిలోని అతిసూక్ష్మమైన బడ్డెలియైట్ స్ఫటికములలో యురేనియము సీసముగ మారిన పాళ్ళను కొలిచి, అవి 237 కోట్ల సంవత్సరముల నాటివని నిర్ణయించిరి. రామప్ప దేవాలయపు మదనికలను మలచిన శిల్పులు ఎన్నుకొన్నది కూడ ఇట్టి నల్లని డోలరైటునే. ఉలికి లొంగి, అద్దమువలె మెరుగెక్కు ఆ రాతిలో వేరొక చెక్కడము రాయి గడ్డకట్టిననాటినుండియే కంటికి కనబడకుండ ఉన్నదని ఆ శిల్పులకు తెలియదు; తెలిసియుండిన ఆనందించియుందురు.

మొదట శాస్త్రజ్ఞులు ఆ చెక్కడమునుండి దిక్కును చదివిరి. 1950 తరువాతి సంవత్సరములలో లండనులో బ్లాకెట్ పండితుని బృందమునకు చెందిన క్లెగ్, డాయిచ్, గ్రిఫిత్స్ అనువారు దక్కను లావాశిలలను కొలిచి, అవి గడ్డకట్టిననాడు భారతభూమి భూమధ్యరేఖకు దక్షిణమున ఉండెనని 1956లో ప్రకటించిరి. వికారాబాదు అనంతగిరి కొండలమీదను, రాజమహేంద్రవరమువద్ద కాతేరు, పంగిడి ప్రాంతములందును కనబడు నల్లరాళ్ళు ఆ 6.6 కోట్ల ఏండ్లనాటి లావా ప్రవాహములవే. ఖండములు కదలుననిన నవ్విన పెద్దలకు ఆ శిలలు సమాధానము చెప్పినవి. అట్లే మన డైకులను హెన్రీ హాల్స్, మన హైదరాబాదు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన అనిల్ కుమార్, మరికొందరు పరిశీలించి, 237 కోట్ల ఏండ్ల క్రిందట ఈ నేల ధ్రువమునకు సమీపమున ఉండెనని 2007లో తేల్చిరి. మే నెల ఎండలో బోయిన్‌పల్లి చౌరస్తా దాటువారికి ఈ వార్త కొంత ఊరట నిచ్చునేమో!

దిక్కు ఇంత సులభముగ తెలిసినప్పుడు బలము కూడ అట్లే తెలియరాదా అని మీరడుగవచ్చును. ఇచటనే అసలు చిక్కున్నది. రాతిలోని అయస్కాంతత్వము అధికముగ నుండుటకు రెండు కారణములుండవచ్చును: ఆనాటి క్షేత్రము బలమైనదై యుండవచ్చును, లేక రాతిలో మాగ్నెటైట్ ఎక్కువగా నుండవచ్చును. ఒకే దినమున, ఒకే క్షేత్రములో చల్లారిన రెండు రాళ్ళలో ఒకటి రెండవదానికంటె నూరు రెట్లు అధికముగ అయస్కాంతమై యుండుట సామాన్యము. కనుక రాతి గొంతు ఎంత పెద్దదన్న దానినిబట్టి క్షేత్రబలమును నిర్ణయింపరాదు. సారు ఆనాడు గుట్టమీద అన్న మాట ఈ శాస్త్రమునకు మొదటి సూత్రము.

మరి ఏమి చేయవలెను? సారు తరగతిలో చెప్పిన ఒక ఉదాహరణము జ్ఞప్తికి వచ్చుచున్నది. "వంకాయలు చేతబట్టి ఎంత బరువో చెప్పగలరా?" అని అడిగిరి. ఒకడు కిలో అనెను, మరియొకడు కిలోన్నర అనెను. "చెయ్యి చెప్పదురా, కాంటా చెప్తది. ఒక తట్టల వంకాయలు, ఇంకో తట్టల తెలిసిన రాయి. తెలిసినదాని పక్కన పెట్టనిదే తెలియనిది తెల్వదు." ఈ ఊరి మార్కెట్టులో ప్రతిదినము జరుగు పని అదియే, ప్రాచీనక్షేత్రబలమును కొలుచుటకు శాస్త్రజ్ఞులు చేయు పనియు అదియే.

వారి తక్కెడ యిట్టిది. ఒక తట్టలో ప్రకృతి ఆ రాతికి ఇచ్చిన అయస్కాంతత్వము. రెండవ తట్టలో ప్రయోగశాలలో, మనకు తెలిసిన బలముగల క్షేత్రములో, అదే రాతిని కాచి చల్లార్చి మనమిచ్చిన అయస్కాంతత్వము. భూక్షేత్రమువంటి బలహీనక్షేత్రములలో రాయి గ్రహించు అయస్కాంతత్వము క్షేత్రబలమునకు అనుపాతముగ నుండును. కావున ఆ రెండింటి నిష్పత్తిని మన క్షేత్రబలముచే గుణించిన, ప్రాచీనక్షేత్రబలము వచ్చును. రాయి తనలో మాగ్నెటైట్ ఎంత దాచుకొన్నను, రెండు తట్టలలోను ఉన్నది అదే రాయి గనుక, ఆ తేడా కొట్టివేయబడును. ఈ యుపాయమును కోనిగ్స్‌బర్గర్ 1930 తరువాతి దశాబ్దమున సూచించెను. దానిని నమ్మదగిన విధానముగ తీర్చినవారు ఫ్రాన్సు దేశపు దంపతులు ఎమిల్ తెలియే, ఒడెట్ తెలియే. వారి ప్రసిద్ధ వ్యాసము 1959లో వెలువడినది.

ఆ విధానమును కొంచెము దగ్గరగా చూతము. కొండమీద తొలుపుయంత్రముతో అంగుళము మందముగల కడ్డీని రాతినుండి తీసి, రెండు సెంటీమీటర్లకు కొంచెము మించిన ఎత్తున బిళ్ళలుగ కోయుదురు. డైకుదగ్గర దిక్సూచిని నమ్మరాదు గనుక, సూర్యుని నీడనుబట్టి దిక్కును గుర్తింతురు. బిళ్ళను క్షేత్రశూన్యమైన కొలిమిలో నూరు డిగ్రీలకు కాచి చల్లార్చి, ఎంత పోయినదో కొలుతురు. మరల అదే నూరు డిగ్రీలకు కాచి, ఈసారి నలుబది మైక్రోటెస్లాల క్షేత్రములో చల్లార్చి, ఎంత వచ్చినదో కొలుతురు. పిమ్మట రెండువందలు, మూడువందలు, ఇట్లు మెట్టుమెట్టుగ 580 దాక పోవుదురు. ప్రతి మెట్టులోను పోగా మిగిలినదానిని నిలువుగీతమీదను, వచ్చినదానిని అడ్డగీతమీదను గుర్తించిన చిత్రమును జపానీయులైన నగాత, అరై, మొమోసె 1963లో ప్రవేశపెట్టిరి. ఆరు పాళ్ళు పోయి నాలుగు పాళ్ళు వచ్చినచో, ప్రాచీనబలము నలుబదికి ఒకటిన్నర రెట్లు, అనగా అరువది. చిత్రములోని చుక్కలన్నియు ఒకే సరళరేఖపై నిలిచినప్పుడు, ఆ రేఖ వాలే ఆ నిష్పత్తి. అప్పుడే తూకము నమ్మదగినది.

అయితే తక్కెడ నడుమ వంకరపోయినచో? కొలిమిలో కాచినకొలది రాతిలోని ఖనిజములు గాలిలోని ఆక్సిజనుతో కలిసి మారిపోవును. అప్పుడు మొదటి తట్టలోని రాయి వేరు, రెండవ తట్టలోని రాయి వేరు. చదువుకొను దినములలో, ఒక ప్రయోగశాలలో, నేను నెలరోజులు శ్రమించి పన్నెండు బిళ్ళలను ఐదువందల డిగ్రీల దాక తీసికొనిపోతిని. ఒక ఉదయము కొలిమి తలుపు తీయగా, నల్లగా పెట్టిన బిళ్ళలు ఇటుకరంగున బయటికి వచ్చినవి. చిత్రములో సరళరేఖ కొడవలివలె వంగియుండెను. నెల శ్రమ వ్యర్థమైనదని నేను దిగులుపడగా, నా తోటివాడొకడు, "వ్యర్థమెందుకు? ఈ రాయి చెప్పదని తెలిసింది గదా!" అనెను. తూకము తప్పినదా అని తెలిసికొనుటకు, మీదిమెట్టు ఎక్కిన పిమ్మట మరల క్రిందిమెట్టునకు దిగి, అదే వేడి, అదే క్షేత్రము ఇచ్చి, మునుపటియంతయే వచ్చునా అని పరీక్షించుట నేడు తప్పనిసరి. జాగరూకుడైన బేరగాడు ఒకసారి తూచినదానిని, తట్టలు మార్చి మరల తూపించునట్లే! ఇన్ని పరీక్షలలో నిలిచిన బిళ్ళలు ఎన్ని? చాల గుట్టలలో పెక్కు బిళ్ళలు త్రోసివేయబడి, కొన్ని మాత్రమే మిగులును. ఈ శాస్త్రములో ఎంత త్రోసివేయగలిగితిమన్నదియే నిజాయితీకి గుర్తు.

ఇంకొక మోసము కాలమువలన కలుగును. రాయి భూగర్భములో లోతున పూడియుండి, కొద్దిపాటి వేడిలో కోట్ల ఏండ్లు గడపినచో, ఆ కొద్దిపాటి వేడియే ప్రయోగశాలలోని తీవ్రమైన వేడి చేయుపనిని చేయగలదు. ఎంత వేడిలో ఎంతకాలముంటే ఎంత జ్ఞాపకము చెరిగిపోవునో చూపు లెక్కను జి. పుల్లయ్య, ఇర్వింగ్, బుకాన్, డన్‌లప్ అను నలుగురు 1975లో ప్రకటించిరి. మాగ్నెటైట్‌కు, మరియొక ఇనుపఖనిజమగు హెమటైట్‌కు వేరువేరుగ గీయబడిన ఆ రేఖలు 'పుల్లయ్య రేఖలు' అను పేరిట నేటికిని ప్రపంచమంతట ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నవి. అమెరికాలోనో జపానులోనో ఒక విద్యార్థి తన రాయి ఎంత నమ్మదగినదో తేల్చుకొనుటకు మన పుల్లయ్య పేరును ఉచ్చరింపవలసి వచ్చుట మనకు సంతోషదాయకము.

ఇక నేను ముఖ్యముగ మనవి చేయదలచిన సంగతి. దిక్కును తెలిసికొనుటకు రాయి పుట్టినచోటనే, పుట్టిన భంగిమలోనే దొరకవలెను. కదలిన రాయి దిక్కు చెప్పజాలదు. బలమును చెప్పుటకు మాత్రము ఆ నియమము లేదు. ఎటు త్రిప్పి పెట్టినను తట్టలోని బరువు మారనట్లే, ఏ ప్రక్కకు దొర్లిన పెంకులోనైనను ఆ నిష్పత్తి మారదు. మన హస్మత్‌పేటలో రాళ్ళు గుండ్రముగ పేర్చిన ఇనుపయుగపు సమాధులున్నవి. జనులు వాటిని రాకాసిగుళ్ళందురు. తెలంగాణమంతట అట్టి సమాధులలో లోపల నలుపు, వెలుపల ఎరుపు గల కుండలు దొరకును. ఆ కుండ ఆవములో నిలువుగ నుండెనో, బోర్లించియుండెనో ఎవరికిని తెలియదు. అది పగిలి, పెంకై, నాగలికి తగిలి, చేనుగట్టున పడినది. దిక్కు సంపూర్ణముగ పోయినది. అయినను కాల్చిననాటి క్షేత్రబలము దానిలో భద్రముగ ఉన్నది. ఆర్. ఎన్. అఠవలె ఇట్టి కాల్చిన మట్టివస్తువులను కొలిచి, భారతదేశములో గత నాలుగువేల ఏండ్ల భూక్షేత్రబలమును గురించి 1966లో 'నేచర్' పత్రికలో వ్యాసము ప్రకటించిరి. ఆయనయే పిమ్మట మన హైదరాబాదు భూభౌతిక పరిశోధన సంస్థలో భూగర్భజలములపై చేసిన కృషిచే ప్రసిద్ధులైరి. దేశదేశముల పెంకులు, ఇటుకలు కలిసి చెప్పినదేమనగా, రెండువేల ఏండ్ల క్రిందట భూక్షేత్రము నేటికంటె ఎంతో బలముగ నుండెను. కావున గౌస్ కాలమునుండి తగ్గిన తొమ్మిదిపాళ్ళు హఠాత్తుగ వచ్చిపడిన విపత్తు కాదు. హెచ్చుటయు తగ్గుటయు దాని స్వభావము. చివరిసారిగ భూమి అయస్కాంతధ్రువములు తారుమారై 7 లక్షల 70 వేల ఏండ్లు దాటినవి. మరల ఎప్పుడు తారుమారగునో చెప్పుటకు తొమ్మిదిపాళ్ళ లెక్క చాలదు.

మట్టిపెంకులు వేల ఏండ్లు చెప్పును. రాళ్ళు కోట్ల ఏండ్లు చెప్పును. ఝార్ఖండములోని రాజమహల్ కొండల లావా పదకొండు కోట్ల ఏండ్లకు పైబడినది. దానినుండి అమెరికాలోని టార్డునో బృందమువారు ప్లేజియోక్లేజ్ అను స్ఫటికములను ఒక్కొక్కటిగ ఏరి, వాటిలో బందీలై గాలి సోకక రక్షింపబడిన మాగ్నెటైట్ కణములను కొలిచిరి. ఆనాటి భూక్షేత్రము నేటికంటె ఒకటిన్నర రెట్లకు మించి బలమైనదని 2001లో ప్రకటించిరి. కొన్ని కోట్ల ఏండ్లు ధ్రువములు తారుమారు కాక నిలుకడగ నున్న కాలమది. మన దక్షిణాదిలోని సుమారు 240 కోట్ల ఏండ్లనాటి డైకులనుండి బలమును కొలుచు ప్రయత్నమును వాలే, బెస్, మన అనిల్ కుమార్ ప్రభృతులు చేసి 2014లో వెలువరించిరి.

ఇంతటి శ్రమ దేనికి? భూమధ్యమున, దాదాపు 2,900 కిలోమీటర్ల లోతునుండి ద్రవరూపమున నున్న ఇనుము సుడులు తిరుగుటయే ఈ క్షేత్రమునకు మూలము. దాని నడుమ 5,150 కిలోమీటర్ల లోతున ఘనీభవించిన ఇనుపగుండు ఒకటున్నది. ఆ గుండు ఎప్పుడు గడ్డకట్ట మొదలిడెను? దానిని త్రవ్వి చూచినవారు లేరు. అది గడ్డకట్టునప్పుడు విడుదలయగు శక్తి పై ద్రవమును మరింత కదిలించి క్షేత్రమును బలపరచవలెను గనుక, ఎప్పుడు క్షేత్రము బలపడెనో పాతరాళ్ళలో వెదకుచున్నారు. బిగ్గిన్ మొదలగువారు 2015లో, ఆ మార్పు సుమారు 130 కోట్ల ఏండ్లనాటిది కావచ్చుననిరి. బోనో మొదలగువారు 2019లో, కెనడాలో 56 కోట్ల 50 లక్షల ఏండ్లనాటి శిలలలో క్షేత్రము అతిదుర్బలముగ నుండెనని చూపి, ఆ గుండు అంతకు తరువాతనే పుట్టెననిరి. ఈ వాదము ఇంకను తెగలేదు. మానవుడు ఏనాడును చేరలేని చోటి వయస్సును గుట్టమీది నల్లరాతి నడుగవలసివచ్చుట, ఆ రాయి సమాధానము చెప్పుటకు తలపడుట, నాకు ఏ పురాణకథకును తీసిపోని వింతగ దోచుచున్నది.

చివరకు ఈ ముక్క కథ. సారు ఆనాడు విడమరచి చెప్పని సంగతిని నేను ఇరువదియేండ్ల పిమ్మట తెలిసికొంటిని. ఎత్తైన చోటి రాతికొనమీద పిడుగు పడినప్పుడు, ఆ క్షణమాత్రపు విద్యుత్ప్రవాహము తనచుట్టును భూక్షేత్రమునకు వేలరెట్ల క్షేత్రమును కల్పించి, రాతిలోని పాతజ్ఞాపకముపై తన ముద్రను గాఢముగ వేయును. అందువలననే జానెడు దూరములో సూది దిక్కు మార్చినది. ఈ ముక్క ఒక మూలను గోరంత కోసి నేను పరీక్షించితిని. ప్రయోగశాలలో భూక్షేత్రమంతటి క్షేత్రములో కాచి చల్లార్చగా వచ్చినదానికంటె దీనిలో సహజముగ నున్నది ఎన్నోరెట్లు అధికము. తక్కెడ ఆ ప్రక్కకు అమాంతము వాలిపోయినది. ఏ కాలపు భూక్షేత్రమును అంతటి బలము నీయజాలదు. కాచని వేరొక తునకపై ప్రత్యావర్తకక్షేత్రముతో ఆ పిడుగుముద్రను తుడిచిన పిమ్మట, అడుగున సన్నగ ఏదో పాతధ్వని మిగిలియుండెను. దానిని తూచుటకు యత్నించితిని. చుక్కలు సరళరేఖపై నిలువలేదు. ఆ ఫలితమును నేనెక్కడను ప్రకటింపలేదు.

ఈ ముక్కను నేడు సారు చదువుచెప్పిన పాఠశాలకు అప్పగించుచున్నాను. ఆయన ఇత్తడి దిక్సూచిని గురుపత్నిగారు దీనితో జత చేసిరి. రెండింటిని ఒకే బల్లమీద ఉంచుడు. పిల్లలు దిక్సూచిని దగ్గరకు తెచ్చిన సూది గిరుక్కున తిరుగును. ఎందుకని వారు తప్పక అడుగుదురు. ఉపాధ్యాయులకు నా మనవి యొక్కటే: సమాధానమును వెంటనే చెప్పవద్దు.